ఏకమితిలో కుదరదు, అయినా ఉంది

ఈ వేసవిలో పీజీ జవాబు పత్రాలు దిద్దుతూ ఒకచోట పెన్ను ఆపాను. అతివాహకత (కరెంటుకు నిరోధమే లేకుండా పోవడం) మీద మితి ప్రభావం ఏమిటన్నది, అంటే ఎలక్ట్రాన్లు ఒకే గీత వెంట కదిలితే ఏమవుతుంది, మూడు దిశల్లోనూ కదిలితే ఏమవుతుందన్నది ప్రశ్న. మాకిచ్చిన కీలో జవాబు రెండు ముక్కల్లో ఉంది: త్రిమితిలో సాధ్యం, ఏకమితిలో ఉష్ణ ఒడుదొడుకుల వల్ల అసాధ్యం. కట్టలో ఇంచుమించు అందరూ అదే రాశారు, కొందరైతే అక్షరం పొల్లుపోకుండా. ఒక పత్రంలో మాత్రం గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: "ఏకమితిలో కుదరదు. అయినా 1980లో దొరికింది. ఎందుకో క్లాసులో చెప్పలేదు."

"కీలో లేనిదానికి మార్కులు ఎలా వేస్తాం మేడమ్?" అన్నారు చీఫ్ ఎగ్జామినర్. "పైగా చెప్పలేదని నేరం మన మీదే" అంటూ పక్క బల్ల దగ్గరి లెక్చరర్ నవ్వారు. నేను పూర్తి మార్కులు వేశాను. ఆ తర్వాత చాలాసేపు వాదన నడిచింది. అదంతా నియమాల గురించే. భౌతికశాస్త్రం ఊసు ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఎత్తని ఊసు ఇక్కడ ఎత్తుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. అణువుల ఒంటరి గొలుసు మీద ఎలక్ట్రాన్లు ఎప్పటికీ పూర్తి అతివాహక క్రమాన్ని అందుకోలేవన్న సిద్ధాంతం నిజం. కానీ ప్రయోగశాలలో మన చేతికి వచ్చే దాదాపు ఏకమితీయ వాహకాల్లో అతివాహకతను అడ్డుకుంటున్నది ప్రధానంగా ఆ సిద్ధాంతం కాదు. అక్కడ అడ్డు పడేవి పోటీ క్రమాలు, అంటే అవే ఎలక్ట్రాన్లు అతివాహకతకు బదులు వేరే తీరుగా అమరిపోయే ధోరణులు. ఏకమితి వాటికి అతివాహకతతో సమానమైన బలం, ఒక్కోసారి ఎక్కువ బలం ఇస్తుంది. ఈ రెండు కారణాలనూ ఒకే వాక్యంలో కుక్కి "ఒడుదొడుకులు" అని పేరు పెట్టేయడం వల్లే పిల్లలకు 1980 వింతగా కనిపిస్తోంది.

సిద్ధాంతం ఎంత దూరం వస్తుంది

అతివాహకతకు రెండు పనులు జరగాలి. ఎలక్ట్రాన్లు జతకట్టాలి, ఆ జతలన్నీ ఒకే దశలో ఉండాలి, అంటే వాటి తరంగాలు ఒకే తాళంలో నడవాలి. మితి తగ్గితే ముందుగా దెబ్బతినేది రెండోది. ఒంటరి గొలుసులో ఒక బిందువు దగ్గర జతల బలం క్షణకాలం సున్నా అయితే చాలు, అక్కడ దశ ఒక పూర్తి చుట్టు జారిపోతుంది. జారిన ప్రతిసారీ కొద్దిగా వోల్టేజి పుడుతుంది. అంటే నిరోధం సున్నా కాదు. లాంగర్, అంబేగావ్‌కర్ 1967లో ఈ లెక్క కట్టారు. 1970 తర్వాత తగరపు సూదుల్లాంటి సన్నటి స్ఫటికాల్లో అది కొలతకూ అందింది. 2000లో హార్వర్డ్ బృందం కార్బన్ నానోగొట్టం మీద లోహపు పూత పూసి పది నానోమీటర్ల లోపు వెడల్పున్న తీగలు చేసింది. మామూలు స్థితిలో నిరోధం సుమారు 6.5 కిలోఓమ్‌ల కంటే తక్కువ ఉన్న తీగలు అతివాహకాలయ్యాయి, అంతకంటే ఎక్కువ ఉన్నవి కాలేదు. ఏకమితిలో అతివాహకత నిలవదని 1964లోనే ఫెరెల్ లేవనెత్తిన అభ్యంతరానికి, 1967లో హోహెన్‌బర్గ్ ఇచ్చిన కట్టుదిట్టమైన నిరూపణకు ఇవన్నీ అండగా నిలుస్తాయి. ఇంతవరకు కీ రాసినవారితో నాకు పేచీ లేదు.

పేచీ అంతా స్ఫటికం దగ్గర మొదలవుతుంది. అందులో ఏ గొలుసూ ఒంటరిది కాదు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటికి ఒకసారి మా విద్యార్థులను తీసుకెళ్లాను. అసలు పని రంగుల అద్దకం గురించి తెలుసుకోవడం. మగ్గానికి అప్పుడే పడుగు ఎక్కించి ఉంది, పేక ఇంకా మొదలుపెట్టలేదు. బిగుతుగా సాగిన నూలుపోగులు ఒకదాని పక్కన ఒకటి. ఒక పోగును వేలితో మీటితే అదొక్కటే అదిరింది, పక్క పోగుకు చీమ కుట్టినట్టయినా లేదు. పెద్దాయన నాలుగు వరుసలు పేక వేసి దట్టంగా దిగగొట్టాక, "ఇప్పుడు మీటమ్మా" అన్నారు. ఈసారి ఆ పట్టీ అంతా కదిలింది. పేక పడిన చోటుకు దూరంగా ఉన్న పోగులు మాత్రం ఇంకా ఎవరికి వారే. గొలుసుల స్ఫటికం గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే. అయితే పోలికకు ఒక హద్దు ఉంది. జంపఖానాలో పేకే పైకి కనిపిస్తుంది, పడుగు దాగిపోతుంది. మన స్ఫటికాల్లో అడ్డం దిశ బంధం పొడుగు దిశ బంధంలో పదో వంతో, వందో వంతో, అంతకంటే తక్కువో ఉంటుంది.

అంత బలహీనమైన బంధం ఏం చేయగలదని అడగవచ్చు. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ గొలుసు వెంట దశ కలిసి ఉండే పొడవు పెరుగుతుంది. ఒక్కో అణువు దగ్గర పక్క గొలుసుతో ఉన్న బంధం అల్పమే. కానీ కలిసి నడిచే ముక్క పొడవైతే ఆ అల్పాలన్నీ కూడతాయి. కూడిన మొత్తం ఉష్ణ శక్తిని దాటగానే గొలుసులన్నీ ఒక్కటవుతాయి. అక్కడ జరిగేది అచ్చమైన త్రిమితీయ పరివర్తన. సిద్ధాంతాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు, దాని షరతు వర్తించలేదంతే. పక్కబంధం ఏ కాస్త ఉన్నా పరివర్తన ఉష్ణోగ్రత, అంటే ఈ మార్పు జరిగే ఉష్ణోగ్రత, సున్నా కాదు. ఎంత తక్కువ అన్నది వేరే ప్రశ్న.

1964 నాటి కల

ఈ రంగానికి ఊపిరి పోసినవాడు స్టాన్‌ఫర్డ్‌కు చెందిన విలియం లిటిల్. 1964లో ఆయన వేసిన ఊహ ఇది. మామూలు లోహంలో ఎలక్ట్రాన్లను జతపరిచేది బరువైన అయాన్ల కదలిక. ఆ పనిని తేలికైన ఎలక్ట్రాన్లతోనే చేయించగలిగితే? ఒక సేంద్రియ అణువు వెన్నెముక వెంట వాహక ఎలక్ట్రాన్లు నడుస్తాయి, పక్కన వేలాడే శాఖల్లో ఆవేశం ఇటూ అటూ ఊగి వాటిని జతపరుస్తుంది. ద్రవ్యరాశి అంతగా తగ్గింది కాబట్టి పరివర్తన ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతను దాటిపోతుందని ఆయన లెక్క. లిటిల్ చెప్పిన ఆ పదార్థాన్ని ఇప్పటికీ ఎవరూ తయారు చేయలేకపోయారు.

ఆ కల ఓడిపోయిందని తేల్చేసే వ్యాసాలు చాలా చదివాను. ఓడిన మాట నిజమే. కానీ ఆ వ్యాసాల్లో ఓటమికి చూపే కారణం మళ్లీ అదే సిద్ధాంతం. నాకు అక్కడే ఒప్పుదల లేదు. కల వెంట పరుగెత్తిన రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన పదార్థాలు దశ ఒడుదొడుకుల దాకా వెళ్లనే లేదు. అంతకంటే చాలా పైనే, వేరే కారణంతో ఆగిపోయాయి.

రెండు రకాల సేంద్రియ అణువుల గొలుసులతో కట్టిన స్ఫటికం టీటీఎఫ్-టీసీఎన్‌క్యూ సంగతే చూడండి. 1973లో దీని వాహకత చల్లబరుస్తుంటే లోహంలా పెరుగుతూ పోయిందన్న వార్త వచ్చింది. పెన్సిల్వేనియాలో హీగర్ బృందం కొన్ని స్ఫటికాల్లో 60 కెల్విన్ (పరమ శూన్య ఉష్ణోగ్రత నుంచి లెక్కించే డిగ్రీలు) దగ్గర విపరీతమైన శిఖరం చూసి, ఇది అతివాహకతకు ముందు వచ్చే కదలిక కావచ్చంది. ఇతరులకు అంత శిఖరం దొరకలేదు. ఇలాంటి స్ఫటికంలో నిరోధం కొలవడమే ఒక ఉచ్చు. ఒక దిశలో కరెంటు సులువుగా, అడ్డంగా కష్టంగా పోతుంది కాబట్టి తీగలు అంటించే చోటు కొద్దిగా తప్పినా కరెంటు వోల్టేజి కొలిచే తీగల దాకా రానే రాదు. నిరోధం లేనట్టు కనిపిస్తుంది. శిఖరం సంగతి అలా ఉంచితే, 54 కెల్విన్ దగ్గర ఆ లోహం కాస్తా కరెంటు పోనివ్వని బంధకంగా మారడం మొదలుపెట్టింది. అసలు కథ అక్కడుంది.

పోటీదారు ఎవరు

భౌతిక శాస్త్రవేత్త పయర్ల్స్ ఎప్పుడో చెప్పిన మాట. ఏకమితీయ లోహంలో శక్తిరీత్యా అంచున ఉండే ఎలక్ట్రాన్లన్నీ రెండు బిందువుల దగ్గరే ఉంటాయి, ఒకటి కుడివైపు పోయేవి, ఒకటి ఎడమవైపు. ఆ రెండింటినీ కలిపే తరంగదైర్ఘ్యం ఒక్కటే. జాలకం, అంటే స్ఫటికంలో అణువుల అమరిక, ఆ తరంగదైర్ఘ్యంతో కొద్దిగా ముడుచుకుంటే అంచున ఉన్న ఎలక్ట్రాన్లన్నిటికీ ఒకేసారి లాభం, జాలకానికి అయ్యే ఖర్చు తక్కువ. దాంతో అంతరం తెరుచుకుని లోహం బంధకమవుతుంది. త్రిమితిలో ఈ బేరం కుదరదు, ఎందుకంటే అక్కడ అంచు ఎలక్ట్రాన్లు పరుచుకుని ఉండే, వంకర తిరిగిన ఫెర్మీ తలాన్ని మొత్తం ఒకే తరంగదైర్ఘ్యంతో కలపలేం. ఎలక్ట్రాన్ల వికర్షణ ఎక్కువైన చోట జాలకం ముడుచుకోవడానికి బదులు స్పిన్‌లే, అంటే ఎలక్ట్రాన్లలోని చిన్న అయస్కాంతాల దిశలే, తరంగంలా అమరుతాయి. మొదటిది ఆవేశ సాంద్రతా తరంగం, రెండోది స్పిన్ సాంద్రతా తరంగం. ఏకమితిలో ఈ ధోరణులు, జతకట్టే ధోరణి ఒకే ఎలక్ట్రాన్ల నుంచి, ఒకే వేగంతో పెరుగుతాయనీ వాటిని విడదీసి లెక్కించలేమనీ బిచ్‌కోవ్, గోర్కోవ్, జ్యాలోషిన్‌స్కీ 1966లోనే చూపారు. ఆ వ్యాసం గురించి మా సిలబస్‌లో ఒక్క వాక్యం ఉన్నా ఆ విద్యార్థికి ఆ ఫిర్యాదు ఉండేది కాదు.

ఇప్పుడు నా వాదనను పరీక్షకు పెడదాం. పోటీయే అసలు అడ్డంకి అయితే, అడ్డం దిశ బంధాన్ని పెంచినప్పుడు ముందు పోటీదారు కుంటుపడాలి, ఆ ఖాళీలోకి అతివాహకత రావాలి.

అచ్చం అదే జరిగింది. గంధకం, నత్రజని ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చిన గొలుసుల పాలిమర్ 1975లో 0.26 కెల్విన్ దగ్గర అతివాహకమైంది. అది బంధకం కాకుండా నిలవడానికి కారణం గొలుసులు పక్కపక్కన బాగానే తగులుతుండటం. నియోబియం ట్రైసెలనైడ్‌లో 145, 59 కెల్విన్ల దగ్గర రెండు ఆవేశ తరంగాలు వస్తాయి. పీడనంతో వాటిని అణిస్తే అతివాహకత బయటపడుతుంది. ఇక ఆ విద్యార్థి రాసిన 1980. కోపెన్‌హేగన్‌లో బెక్‌గార్డ్ తయారుచేసిన, సెలీనియం ఉన్న సేంద్రియ అణువు టీఎంటీఎస్ఎఫ్ లవణాన్ని పారిస్ దగ్గర ఓర్సేలో జెరోమ్ బృందం 12 కిలోబార్ల (ఒక కిలోబార్ సుమారు వెయ్యి వాతావరణాలు) పీడనం కింద 0.9 కెల్విన్‌కు చల్లబరిచి అతివాహకత చూసింది. పీడనం లేకపోతే అదే లవణం 12 కెల్విన్ దగ్గర స్పిన్ తరంగంలోకి జారి బంధకమైపోతుంది. మరుసటి ఏడాదే దీని తోబుట్టువు, పర్‌క్లోరేట్ లవణం, పీడనం అవసరమే లేకుండా ఒక కెల్విన్‌కు కాస్త పైన అతివాహకమైంది.

ఈ పర్‌క్లోరేట్ లవణం మీద నాకు ప్రత్యేకమైన మమకారం. దాన్ని నెమ్మదిగా చల్లబరిస్తే 24 కెల్విన్ దగ్గర పర్‌క్లోరేట్ అయాన్లు వరుసలో సర్దుకుంటాయి, కిందికి వెళ్లాక అతివాహకత వస్తుంది. హడావుడిగా చల్లబరిస్తే అయాన్లు సర్దుకోకముందే గడ్డకట్టుకుపోతాయి, అప్పుడు గెలిచేది స్పిన్ తరంగం. అదే స్ఫటికం, అదే మితి. మారినదల్లా ఎంత ఓపికగా చల్లబరిచామన్నదే. "ఏకమితిలో అసాధ్యం" అన్న వాక్యం ఈ తేడాను ఏ విధంగా వివరిస్తుందో నాకు ఎవరైనా చెప్పాలి.

సెలీనియం స్థానంలో గంధకం పెట్టిన టీఎంటీటీఎఫ్ లవణాలు ఇంకా గట్టి సాక్ష్యం. నిర్మాణం ఒకటే. కానీ గంధకం కక్ష్యలు చిన్నవి, పక్క గొలుసును అంతగా అందుకోలేవు. ఆ లవణాలు మరింత ఏకమితీయం, మరింత మొండి బంధకాలు. వాటినీ అతివాహకతలోకి లాగారు, కాకపోతే సుమారు 50 కిలోబార్ల పీడనం కావలసివచ్చింది. ఏ పరమాణువునూ మార్చకుండా, గొలుసులను దగ్గరికి నొక్కి, సెలీనియం ఊరికే చేసిన పనిని పీడనంతో చేయించారన్నమాట. పరమాణువులు నిచ్చెనల్లా అమరిన రాగి ఆక్సైడ్ పదార్థంలోనూ 1996లో 3 గిగాపాస్కల్ (30 కిలోబార్లు) దగ్గర 12 కెల్విన్లలో అతివాహకత దొరికింది. ఆ పీడనం దగ్గర కరెంటు నిచ్చెన వెంటే కాకుండా అడ్డంగా కూడా పోవడం మొదలుపెట్టిందని తర్వాతి కొలతలు చెప్పాయి.

మితి ఒక స్థిరమైన సంఖ్యా?

మా కాలేజీలో ఏటా సైన్సు దినోత్సవానికి ఇట్రియం రాగి ఆక్సైడ్ బిళ్ల మీద అయస్కాంతం తేలడం చూపిస్తాం. ద్రవ నత్రజని పశువుల కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం నిల్వచేసే చోటు నుంచి బతిమాలి తెచ్చుకుంటాం. బిళ్ల 92 కెల్విన్ దగ్గర అతివాహకం, నత్రజని 77 కెల్విన్. పిల్లలు చప్పట్లు కొడతారు. పన్నెండు వేల వాతావరణాల పీడనం కింద ఒక కెల్విన్‌ను హనుమకొండలో ఎవరికీ చూపించలేం. కంటికి చూపించలేనిదాన్ని రెండు ముక్కల్లో ముగించేయడం మాకు అలవాటైందని నా అనుమానం.

అయినా తరగతిలో బల్ల మీద ఏమీ లేకుండానే చెప్పదగిన అందమైన విషయం ఒకటుంది. బెక్‌గార్డ్ లవణంలో ఎలక్ట్రాన్ దూకే శక్తిని ఉష్ణోగ్రతల్లో చెబితే, గొలుసు వెంట సుమారు 3000 కెల్విన్, పక్క గొలుసుకు 300, పై పొరకు 10. గది ఉష్ణోగ్రతలో ఆ స్ఫటికంలోని ఎలక్ట్రాన్‌కు పక్క గొలుసు ఉన్నట్టే తెలియదు, అది ఏకమితిలో బతుకుతుంది. దాదాపు 100 కెల్విన్‌కు చల్లబరిస్తే పక్క గొలుసులు తెలుస్తాయి, ద్విమితి అవుతుంది. పది కెల్విన్ల కిందికి వస్తే పై పొరలూ కలిసి త్రిమితి. స్ఫటికం అదే, మితి మాత్రం మారింది. "ఇది ఎన్ని మితుల పదార్థం?" అని అడిగితే "ఏ ఉష్ణోగ్రతలో?" అని ఎదురు అడగవలసిందే.

అయస్కాంత క్షేత్రంతోనూ మితిని మార్చవచ్చు. పొరల తలానికి సమాంతరంగా, గొలుసులకు అడ్డంగా బలమైన క్షేత్రం పెడితే ఎలక్ట్రాన్ పై పొరల్లోకి పోకుండా తన పొరకే పరిమితమవుతుంది. అలాంటప్పుడు అతివాహకత మామూలు హద్దును దాటి బతకగలదని లెబెద్ 1986లో ఊహించాడు. ఒక కెల్విన్ స్థాయి అతివాహకానికి స్పిన్ కారణంగా వచ్చే హద్దు రెండు టెస్లాల చుట్టుపక్కల ఉంటుంది. 1997లో బెక్‌గార్డ్ లవణంలో ఆరు టెస్లాలు దాటినా అతివాహకత నిలిచింది. మితి తగ్గడమే ఇక్కడ దానికి సాయం చేసింది! జతలో స్పిన్‌లు ఎదురెదురుగా ఉన్నాయా ఒకే వైపా అన్న తగవు వేరే ఉంది. దాన్ని ఇక్కడ తెరిస్తే ఈ వ్యాసం తెమలదు.

నన్ను ఇబ్బంది పెట్టే అభ్యంతరాలు

కెమిస్ట్రీ చెప్పే నా స్నేహితురాలు ఈ రాతప్రతి చదివి సూటిగా అడిగింది: "ఒక కెల్విన్ దగ్గర అది త్రిమితే అని నువ్వే అంటున్నావు. అలాంటప్పుడు అందులో ఏకమితి గొప్పేముంది? మామూలు త్రిమితీయ అతివాహకత అని సరిపెట్టుకోవచ్చు కదా?"

బలమైన ప్రశ్నే. నా జవాబు పీడనం గ్రాఫులో ఉంది. అడ్డం దిశ బంధమే సర్వస్వమైతే పీడనం పెంచేకొద్దీ అతివాహకత బలపడుతూ పోవాలి. కానీ బెక్‌గార్డ్ లవణంలో పరివర్తన ఉష్ణోగ్రత స్పిన్ తరంగం చచ్చిన హద్దు దగ్గరే అత్యధికం, అక్కడి నుంచి పీడనం పెరిగేకొద్దీ పడిపోతుంది. అంటే పోటీదారు దగ్గర్లో ఉన్నప్పుడే జతలు గట్టిగా పడుతున్నాయి. చచ్చిన స్పిన్ తరంగం తాలూకు కదలికలే ఎలక్ట్రాన్లను జతపరుస్తున్నాయన్న ఊహకు ఇది ఊతం. అయస్కాంత గుణం లేని చిన్న లోపాలు కూడా ఈ అతివాహకతను త్వరగా చంపేస్తాయి. మామూలు జతలకు అంత సున్నితత్వం ఉండదు. ఏకమితి పోటీదారును తెస్తుంది, పోటీదారు జతలకు బలం ఇస్తుంది, అడ్డం దిశ బంధం ఆ పోటీదారు గెలవకుండా చూస్తుంది. ముగ్గురిలో ఎవరిని తీసేసినా ఒక కెల్విన్ దగ్గర కూడా ఏమీ మిగలదు.

రెండో అభ్యంతరం నాకు నేనే వేసుకున్నది, దానికి జవాబు అంత సాఫీగా లేదు. 2015లో చైనాలో క్రోమియం ఆర్సెనైడ్ గొలుసుల కుటుంబం దొరికింది. గొలుసుల మధ్య పొటాషియం ఉంటే 6.1 కెల్విన్, రుబిడియం ఉంటే 4.8, సీజియం ఉంటే 2.2. మధ్యలోని అయాను పెద్దదయ్యేకొద్దీ గొలుసులు దూరమవుతాయి, ఉష్ణోగ్రత తగ్గుతుంది. తర్వాత వచ్చిన సోడియం పదార్థం 8.6 కెల్విన్లతో ఇదే వరుసలో చేరింది. నా వాదనకు ఇంతకంటే మంచి వరుస ఏం కావాలి? కానీ పొటాషియం పదార్థాన్ని పీడనంతో నొక్కి గొలుసులను దగ్గరచేస్తే ఉష్ణోగ్రత పెరగాల్సింది పోయి తగ్గుతుంది. అయాను మార్చడం, పీడనం పెట్టడం ఒకటే పని కాదని సర్దిచెప్పుకోవచ్చు. పీడనం గొలుసు లోపలి దూరాలను కూడా మారుస్తుంది, క్రోమియం అయస్కాంత స్వభావాన్నీ కదిలించవచ్చు. పైగా ఆ పదార్థం ఫెర్మీ తలంలో గొలుసు తరహా పలకలతోపాటు త్రిమితీయమైన ముక్క ఒకటి ఉందని లెక్కలు చెబుతున్నాయి, అతివాహకత దేని మీద పుడుతోందో తేలితే తప్ప ఏ మాటా గట్టిగా అనలేం. అందుకే ఈ కుటుంబాన్ని నా సాక్ష్యాల జాబితాలో చేర్చకుండా పక్కన పెట్టాను. బెక్‌గార్డ్ లవణాలు, వాటి గంధకపు తోబుట్టువులు, నిచ్చెనలు, నియోబియం గొలుసులు, ఈ నాలుగింటి మీదే నిలబడుతున్నాను.